గొడ్రాలను నింద

పెండ్లియై నాలుగేండ్లు గడచినను బిడ్డ పుట్టనియెడల, లోపమెవరియందున్నదని మన గ్రామములలో అడుగువారు అరుదు. అడుగకుండగనే కోడలికి గొడ్రాలని పేరు పెట్టుదురు. ఇది న్యాయమేనా? దీనిని విచారించుటకు ముందు ఒక అమెరికా దేశస్థుని పనిని చూతము.

వాలెస్ కౌల్టర్ 1913లో ఆర్కాన్సా రాష్ట్రమందలి లిటిల్ రాక్ పట్టణమున జన్మించెను. ఆ దినములలో రక్తకణములను లెక్కింపవలెనన్న, ఒకడు సూక్ష్మదర్శినిపై వంగి, గళ్లు గీసిన గాజుపలక మీద ఒక్కొక్కదానిని ఎంచవలసి యుండెను. కన్ను అలసినకొలది లెక్క తప్పుచుండెను. కౌల్టరు వేరొక ఉపాయము కనిపెట్టెను. కణములను ఉప్పునీటిలో కలిపి, మిక్కిలి సన్నని రంధ్రము గుండ లాగుచు, అందుగుండనే విద్యుత్తును పంపెను. ప్రతి కణమును రంధ్రములో దూరునప్పుడు తనంత నీటిని ప్రక్కకు నెట్టును; ఆ క్షణమున విద్యుత్తుకు అడ్డు తగిలి ఒక గుర్తు పడును. తూములో కొబ్బరికాయ దూరినప్పుడు కాలువ నీరు సన్నగిలుట మీరెరుగుదురు గదా, అట్టిదే. ఎన్ని గుర్తులో అన్ని కణములు; గుర్తు పెద్దదైన కణమును పెద్దది. 1953 అక్టోబరు 20న ఈ పద్ధతికి పేటెంటు, అనగా కనిపెట్టినవాని హక్కుపత్రము, అతనికి లభించెను. నేడు అనేక ఆసుపత్రులలో రక్తమును లెక్కించునవి ఈ సూత్రముపై నడచు యంత్రములే.

1960ల నాటికి పశుశాస్త్రజ్ఞులు ఎద్దు వీర్యమును సహితము ఈ రీతిగా లెక్కించి చూచిరి. ఇచ్చట ఒక సంగతి చెప్పక తప్పదు. ఆవు చూలు కట్టనియెడల మన రైతు ఆవును మాత్రమే తిట్టి ఊరకుండడు. ఎద్దు ఎట్టిదనియు, సూది మందు మంచిదేనా యనియు విచారించును. తన కుమారుని విషయములో మాత్రము ఆ విచారణ ఆతనికి అవమానముగా తోచును!

సంతానము లేని దంపతులలో దాదాపు సగమందియందు పురుషుని తట్టును కారణముండునని వైద్యులు చెప్పుచున్నారు. వీర్యపరీక్షకు నొప్పి లేదు, కోత లేదు. స్త్రీకి చేయు పరీక్షలు అట్లు సులభమైనవి కావు. అయినను ఆమెను పది చోట్లకు త్రిప్పిన తరువాతనే, అదియు బహు బతిమాలిన తరువాత, అతడు ఒక్కచోటికి పోవును.

అయితే నిందను కోడలి మీదనుండి తీసి కుమారుని మీద వేయుటయు న్యాయము కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రచురించిన గ్రంథములో ఒక మిల్లీలీటరు వీర్యమునకు 1 కోటి 60 లక్షల కణములు అను క్రింది హద్దు ఉన్నది. ఈ హద్దు ఎట్లు వచ్చినదో వినుడి. 12 నెలలలోపల భార్యలు గర్భవతులైన పురుషులను పరీక్షింపగా, వారిలో నూటికి 5గురు ఈ లెక్కకు క్రిందనే యుండిరి. వారును తండ్రులే! కాబట్టి ఆ కాగితము వైద్యునికి దారి చూపును గాని, ఒకడు తండ్రి కాజాలడని తీర్పు చెప్పదు. అతడెట్టి మనుష్యుడో అసలే చెప్పదు. కణమును కొలుచు యంత్రమునకు అంతకంటె తెలియదు.

లూకా సువార్త మొదటి అధ్యాయమును మరల చదువుడి. జెకర్యాయు ఎలీసబెతును దేవుని దృష్టికి నీతిమంతులని మొదట వ్రాసి, వారికి పిల్లలు లేరని లూకా ఆ తరువాతనే వ్రాసెను. ఇద్దరిని గూర్చియు మంచి సాక్ష్యమే యుండెను. మనుష్యులలో నింద మాత్రము ఎలీసబెతు మోసెను. ఆ నింద మోపినది పొరుగువారే గాని దేవుడు కాడు.

మన సంఘములలో ఆదివారమున ప్రార్థన చీటీలు వచ్చును. సంతానము కొరకైన చీటీలలో తరచుగా కోడలి పేరే యుండును, కుమారుని పేరుండదు. ఇకమీదట వ్రాయునప్పుడు ఇద్దరి పేర్లును వ్రాయుడి. ఆసుపత్రికిని ఇద్దరిని కలిపి పంపుడి. అచ్చటనుండి వచ్చిన కాగితమును వారిద్దరి యొద్దనే యుండనియ్యుడి.