బండిలో ఉన్నవాళ్ళు

నౌపడ నుంచి గుణుపురం వెళ్ళే నారోగేజి రైలు 2004లో ఆగిపోయింది. పర్లాకిమిడి రాజావారి చొరవతో 1900లో మొదలైన లైను అది. బ్రాడ్‌గేజి కోసం పాత పట్టాలు తీయాల్సొచ్చింది. ఎక్కడైనా సరే, టికెట్లివ్వడం ఆపేయగానే లైను ఖాళీ అయిపోదు. అంతకుముందే బయల్దేరిన బండి అవతలి కొసకి చేరాలి. అందులో ఎవరున్నారు, ఎంతమంది అన్న లెక్క అక్కర్లేదు, బండి చేరితే చాలు.

లినక్స్ కెర్నెల్‌లో ఫైళ్ళ పేర్లు వెతికే కోడ్‌ది ఇదే పద్ధతి. ఒక ఐనోడ్‌ని తీసేయాలంటే ముందు జాబితాలోంచి విడదీస్తారు. ఇక కొత్తగా వచ్చేవాళ్ళకి అది కనబడదు. కానీ క్షణం ముందే దాని చిరునామా పట్టుకుని బయల్దేరిన ప్రాసెసర్ ఇంకోటి ఉండొచ్చు. ఆ మెమరీని వెంటనే మరొకరికి ఇచ్చేస్తే అది వెళ్ళి ఎవరింట్లో దూరుతుందో చెప్పలేం. అందుకే ఆర్‌సీయూ. 2002లో కెర్నెల్‌లోకి వచ్చింది. 2011 నాటి 2.6.38 నుంచి ఫైలు దారి వెతకడం చాలావరకు దీని అండతోనే, తాళాల్లేకుండా, నడుస్తోంది.

వచ్చే ప్రతివాడితో సంతకం పెట్టించుకునే పద్ధతీ ఉంది. న్యాయమైనదే, కానీ వందల ప్రాసెసర్లు ఒకే పుస్తకం మీద ఎగబడితే పని సాగదు. ఆర్‌సీయూ ఎవర్నీ పేరడగదు. ప్రతి ప్రాసెసరూ చేతిలోవి ఒక్కసారి వదిలేదాకా ఆగుతుంది, అంతే. ముక్కూమొహం తెలియనివాళ్ళకి మనం బాకీ ఉంటామా అని తత్వశాస్త్రంలో తెగ వాదిస్తారు. ఇక్కడ బాకీ ఉంది, దానికి హద్దూ ఉంది: నిర్ణయానికి ముందు లోపలికొచ్చినవాళ్ళకే.

ఇది ఒకవైపు దయ కాదు. మామూలు ఆర్‌సీయూలో చదివేవాడు మధ్యలో నిద్రపోకూడదు. ఒక్కడు కదలకపోతే అందరి చెత్తా పేరుకుపోతుంది. సాధారణంగా 21 సెకన్లు చూసి కెర్నెల్ లాగ్‌లో ఫిర్యాదు రాస్తుంది. అప్పటికీ ఆ మెమరీని లాక్కోదు.

2023లో మూలపేట పోర్టుకి శంకుస్థాపన జరిగింది. నిర్వాసితులకి పునరావాస కాలనీ ఈ నౌపడ దగ్గరే. కాగితాల్లో ఊరు పోయిన రోజూ, ఊళ్ళో ఆఖరి పొయ్యి ఆరిన రోజూ ఒకటి కావు. ఆ రెంటి మధ్యా ఆగడం కెర్నెల్‌ని చూసి నేర్చుకోవచ్చు అనిపిస్తుంది. కానీ పోలిక అక్కడితో తెగిపోతుంది. కోడ్‌లో ఆగేది చదివి వెళ్ళిపోయేవాడి కోసం. ఊళ్ళోవాడు ఎక్కడికీ వెళ్ళాలనుకోలేదు, ఖాళీ చేయిస్తున్నది అతన్నే.