పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయి?

పెద్దవాడు పొరపాటు చేస్తున్నాడని పక్కనున్నవాడికి తెలిసింది. అప్పుడు మౌనంగా ఉండటం అదబ్ (మర్యాద) అవుతుందా, లేక అమానత్ (అప్పగింత) విషయంలో ద్రోహం అవుతుందా? ఒకసారి చెప్పి ఊరుకుంటే బాధ్యత తీరిపోతుందా? ఈ ప్రశ్నను విమానం నడిపే ఇద్దరు పైలట్ల ఉదాహరణతో పాఠకుల ముందు ఉంచదలిచాము.

మన బర్కత్‌పురకు కొద్ది దూరంలోనే బేగంపేట ఉంది. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలిపోయిన తర్వాత కూడా అక్కడ పైలట్ శిక్షణ కొనసాగింది. సెస్నా వంటి చిన్న శిక్షణ విమానంలో గురువు, శిష్యుడు పక్కపక్కనే కూర్చుంటారు. ఇద్దరి ముందూ చెరొక స్టీరింగ్ ఉంటుంది. ఒకటి తిప్పితే రెండోదీ తిరుగుతుంది. కనుక నడిపేది ఎవరన్నది నోటితో తేల్చుకోవాలి. గురువు “యూ హ్యావ్ కంట్రోల్” అంటాడు. శిష్యుడు “ఐ హ్యావ్ కంట్రోల్” అని బదులిస్తాడు. ఆ జవాబు విన్న తర్వాతే గురువు చేతులు తీస్తాడు. అప్పగించానని ఒకరు అనుకుంటే చాలదు, అందుకున్నానని రెండోవారు చెప్పాలి.

అయితే ఒకరి చేతికి అప్పగించాక రెండోవారి పని ముగిసిందా? ముగియలేదు. 2010 మే 22న దుబాయ్ నుండి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది మరణించారు, 8 మంది మాత్రమే బతికారు. దిగకుండా మళ్లీ పైకి లేపమని సహ పైలట్ మూడుసార్లు చెప్పాడని, కెప్టెన్ వినలేదని విచారణ నివేదిక తెలిపింది. సహ పైలట్ మాత్రం పగ్గాలు తన చేతికి తీసుకోలేదు. అలా తీసుకునే అధికారం గురించి నిబంధనలు స్పష్టంగా లేకపోవడం దీనికి కారణం కావచ్చునని కూడా ఆ నివేదిక పేర్కొంది.

ఇక్కడ తప్పును చనిపోయినవారిపై మోపడం మా ఉద్దేశం కాదు. గ్రహించవలసింది ఏమిటంటే, చిన్నవాడికి ధైర్యం ఉంటే సరిపోదు. “నేను తప్పు చేస్తే నన్ను ఆపు” అని పెద్దవాడు ముందుగానే అనుమతి ఇచ్చి ఉండాలి.

ఈ పాఠం మనకు కొత్తది కాదు. జమాఅత్ నమాజులో ఇమామ్ కంటే ముందు రుకూ చేయకూడదు. కానీ ఇమామ్ మరచిపోతే వెనుకనున్నవారు “సుబ్‌హానల్లాహ్” అని గుర్తుచేస్తారు. దీనిని ఎవరూ అవిధేయత అనరు. బద్ర్ వద్ద హుబాబ్ బిన్ ముంజిర్ (రజి) కూడా, ఈ విడిది దైవాజ్ఞా లేక యుద్ధ వ్యూహమా అని దైవప్రవక్త (స)ను ముందు అడిగారు. వ్యూహమేనని తెలిశాక తన సలహా చెప్పారు. ప్రవక్త (స) దానిని స్వీకరించారు. అడిగిన తీరులో అదబ్ ఉంది, విన్న తీరులో నాయకత్వం ఉంది.

మన ఇళ్లలో ఏం జరుగుతోంది? తండ్రి నిద్రమత్తులో కారు నడుపుతుంటాడు, కొడుకు గౌరవంతో నోరు మెదపడు. నానమ్మకు మందు కోడలు ఇచ్చిందని కొడుకు, కొడుకు ఇచ్చాడని కోడలు అనుకుంటారు. ఇద్దరూ మంచివారే, మందు మాత్రం పడలేదు.

కనుక పని అప్పగించేటప్పుడు నోటితో చెప్పి, జవాబు వినాలి. ప్రమాదం కనిపిస్తే మర్యాదగా, స్పష్టంగా చెప్పాలి. వినకపోతే, ప్రాణాల మీదికి వచ్చినప్పుడు, “అబ్బాజాన్! బండి ఆపండి, నేను నడుపుతాను” అని చేయి చాచాలి. ఆ మాట అనగలిగే చనువును పిల్లలకు ఇవ్వడం పెద్దల బాధ్యత.