నిప్పు దాటిన వస్తువు అదేనా?

నిప్పు తగిలిన వస్తువు బయటపడ్డాక కూడా ఆ వస్తువేనా, లేక పాతది నశించి అదే పోలికతో మరొకటి పుట్టిందా అన్న ప్రశ్న భారతీయ తర్కశాస్త్రంలో కుమ్మరి ఆవం దగ్గర మొదలై ఆత్మ నిత్యత్వం దాకా సాగింది. నల్లగా ఆవంలోకి వెళ్లిన పచ్చికుండ ఎర్రగా తిరిగివస్తుంది. తేజస్సంయోగం వల్ల, అంటే వేడి తగలడం వల్ల, పృథివీద్రవ్యంలో పాత రూప, రస, గంధ, స్పర్శలు పోయి పుట్టే కొత్తవాటిని పాకజగుణాలన్నారు. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహంతో శాస్త్రంలో అడుగుపెట్టే విద్యార్థికి ఈ మాట తొలి పాఠాల్లోనే ఎదురవుతుంది. నేటి పాఠకుడికి ఆవం కంటే ఓవెన్ దగ్గరి వస్తువు కనుక, జంషెడ్‌పూర్‌లో కద్మాలోనో సోనారిలోనో ఒక తెలుగింట చాక్లెట్ బార్‌ను తలచుకుంటూ చేసే కారమెల్ కుకీల మీద ఆ వాదాన్ని మళ్లీ నిలబెట్టి చూడవచ్చు.

ఊరు కూడా ఈ ప్రశ్నకు తగినదే. 1907లో ఏర్పడిన టాటా ఉక్కు కంపెనీ 1912 ఫిబ్రవరిలో ఇక్కడి సాక్చీలో తొలి ఉక్కు దిమ్మెను తీసింది. చక్కెరలూ ఎమైనో ఆమ్లాలూ కలిసి వేడెక్కితే గోధుమరంగు పదార్థాలు పుడతాయని ఫ్రాన్సులో లూయీ కామీల్ మయ్యార్ ప్రకటించిందీ ఆ ఏడాదే. రెంటికీ సంబంధం లేదు, నిప్పు తప్ప. కార్ఖానా పనుల కోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన కుటుంబాలకు రెండో నిప్పు మయ్యార్ కంటే ముందే తెలుసు, అరిసెల కాలంలో బెల్లం పాకాన్ని నీళ్లలో వేసి ఉండ కడుతుందో లేదో వేలితో చూసినవారే కనుక.

వాదంలోని రెండు పక్షాలు ఇవి. వైశేషికులది పీలుపాకవాదం, పీలువు అంటే పరమాణువు. వేడి కుండలోకి చొరబడి పరమాణువుల కూర్పును విడగొడుతుందనీ, కుండ పూర్తిగా నశిస్తుందనీ, విడిపోయిన పరమాణువుల్లోనే నలుపు పోయి ఎరుపు పుడుతుందనీ, తరువాత అవి తిరిగి కలిసి కొత్త కుండ అవుతాయనీ వారు చెబుతారు. ఇదంతా కంటికి అందనంత వేగంగా జరుగుతుందట. రెండు పరమాణువుల జంట అయిన ద్వ్యణుకం నశించి, కొత్త రంగుతో మరో ద్వ్యణుకం ఏర్పడేలోగా గడిచేవి తొమ్మిది క్షణాలా, పదా, పదకొండా అని న్యాయసిద్ధాంతముక్తావళి లెక్కలు వేసింది. పరమాణువులను మళ్లీ కలిపేది అదృష్టం, అంటే ఆ వస్తువును అనుభవించబోయే జీవుల పూర్వకర్మ. ఈ లెక్కన ఓవెన్‌లోని కుకీకి దాన్ని తినబోయే పిల్లల కర్మ కూడా ఒక కారణమే. నైయాయికులది పిఠరపాకవాదం, పిఠరం అంటే కుండ. కుండకు సన్నని రంధ్రాలుంటాయి, వేడి వాటిగుండా లోపలికి పోతుంది, కుండ కుండగా ఉండగానే రంగు మారుతుంది. అలా కాక కుండ నశిస్తే ఆవంలో దానిమీద పెట్టినవి కూలిపోవాలి, కుండల లెక్క తారుమారు కావాలి అన్నది వారి వాదం.

కుకీ ఈ రెండు పక్షాలకూ సాక్ష్యం చెబుతుంది, చిక్కు అక్కడే ఉంది. వెన్న, చక్కెర, మైదా కలిపి ఒత్తి, ఫోర్కుతో చిల్లులు పొడిచి ఓవెన్‌లో, అది లేని ఇంట్లో ఉప్పు పోసిన కుక్కరులో, పెట్టిన బిళ్ల పచ్చిగా ఉన్నప్పటి చిల్లులతోనే గట్టిపడి వస్తుంది. పన్నెండు పెడితే పన్నెండే వస్తాయి. ఇక్కడ నైయాయికుడిదే పైచేయి. కారమెల్ దగ్గర పరిస్థితి వేరు. మందపాటి గిన్నెలో నీళ్లు లేకుండా చక్కెర వేసి సన్నని సెగ మీద ఉంచితే ముందు అంచులు కరిగి తేనెరంగుకు తిరుగుతాయి. తెలుపు పోయి గోధుమరంగు, ఒట్టి తీపి పోయి చిరుచేదు కలిసిన తీపి, వాసనలేని చోట ఘాటైన సువాసన, గరుకుదనం పోయి జిగురు వస్తాయి. పాకజగుణాలుగా చెప్పిన నాలుగూ ఒకే గిన్నెలో మారతాయి. సుమారు 160 డిగ్రీలు దాటాక సుక్రోజ్ విచ్ఛిన్నమై, నీరు వీడి, వందల కొత్త సమ్మేళనాలు పుడతాయని రసాయనశాస్త్రం చెబుతోంది కనుక, వస్తువు లోపల కూలి మళ్లీ కూడుతుందన్న వైశేషికుడి ఊహ ఇక్కడ ఆశ్చర్యం కలిగించేంత దగ్గరగా వచ్చింది. కానీ మారేది పరమాణువు కాదు, పరమాణువుల అమరిక. రంగూ రుచీ పరమాణువుల్లోనే ఉంటాయన్న మాట మాత్రం నిలవదు. చాక్లెట్‌ను అన్నంభట్టు వేరే గదిలో కూర్చోబెట్టేవాడు. వేడివల్ల తాత్కాలికంగా వచ్చే ద్రవత్వాన్ని ఆయన నైమిత్తిక ద్రవత్వమని చెప్పి, నేతిని ఉదాహరణగా చూపాడు. కరిగి మళ్లీ గడ్డకట్టే చాక్లెట్ ఆ జాతిదే.

ఇంత చిన్న విషయానికి అంత పట్టుదల ఎందుకంటే, నైయాయికుడి భయం కుండ గురించి కాదు. ఎవరికీ తెలియకుండా కుండ నశించి మళ్లీ పుట్టగలదని ఒప్పుకుంటే, సమస్తమూ క్షణక్షణం నశిస్తూ పుడుతోందనే బౌద్ధుల క్షణికవాదానికి తలుపు తెరిచినట్టే. ‘అప్పుడు చూసినది ఇదే’ అనే గుర్తింపును ప్రత్యభిజ్ఞ అంటారు. కుండ విషయంలో అది మోసపోగలిగితే, ‘అప్పుడు చూసినవాణ్ణి నేనే’ అనే గుర్తింపు మాత్రం ఎందుకు మోసపోకూడదు?

చాక్లెట్ బార్‌ను పోలిన కుకీ సరిగ్గా ఇక్కడే పనికివస్తుంది. 1967లో బ్రిటన్‌లో వచ్చిన ట్విక్స్‌లోని బిస్కెట్టు, కారమెల్, చాక్లెట్ పొరల పద్ధతిలో చేసిన కుకీని కొరికి ‘అదే రుచి’ అన్నవారు, చిన్నప్పుడు తిన్న ముక్కే తిరిగి నోట్లోకి వచ్చిందని అనుకోరు. ‘అదే మందు వేసుకున్నాను’ అనే మాటలో ఉన్నది వ్యక్తి ఐక్యం కాదనీ, సజాతీయత, అంటే ఒకే జాతికి చెందడం మాత్రమేననీ నైయాయికులే అంగీకరించారు. మరి ‘అదే నేను’ అన్నది కూడా అలాంటిదేనేమో అని బౌద్ధుడు అడిగితే, ప్రత్యభిజ్ఞను చూపి ఊరుకోవడం జవాబు కాదు.

ఆ సంగతి వాత్స్యాయనుడు ముందే గ్రహించినట్టుంది. కోరిక ఆత్మకు గుర్తు అని చెప్పే న్యాయసూత్రానికి భాష్యం రాస్తూ, ఏ జాతి వస్తువు వల్ల సుఖం కలిగిందో ఆ జాతి వస్తువును చూసి తిరిగి కోరడానికి అప్పుడూ ఇప్పుడూ చూసినవాడు ఒక్కడై ఉండాలని ఆయన అన్నాడు. వస్తువు సజాతీయమైతే చాలు, భోక్త మాత్రం ఒక్కడే కావాలన్న ఈ తేడా పిఠరపాకవాదం మొత్తం కంటే బలమైనది, ఎందుకంటే ఇది గుర్తింపు మీద కాక అనుమానప్రమాణం మీద, అంటే హేతువును బట్టి చేసే నిర్ణయం మీద నిలుస్తుంది. తరువాతి క్షణం ముందుక్షణపు సంస్కారాన్ని మోసుకురాగలదని బౌద్ధులు దీనికీ బదులిచ్చారు. ఆ బదులు ఎంతవరకు నిలుస్తుందన్నదే అసలు వివాదం; దాన్ని తేల్చడానికి ఆవం గానీ, ఓవెన్ గానీ, బ్లాస్ట్ ఫర్నేసు గానీ సాక్ష్యానికి పనికిరావు.