సినిమా బాగుందని ఎవరు చెప్పాలి?

మేము ఐదుగురం. ఇద్దరం టీచర్లం. ఒకరు డిగ్రీ చదువుతున్నారు. ఒకరు రావులపాలెం అరటి మార్కెట్ యార్డులో లారీలకు గెలలు ఎక్కించే పని చేస్తారు. ఐదో అతను చేపల చెరువుకి కాపలా ఉంటాడు. మాలో కోయలు ఉన్నారు, కొండరెడ్లు ఉన్నారు. చెరువు కాపలా స్నేహితుడు యానాది. మేము రంప ఏజెన్సీ నుంచి రాజమండ్రి మీదుగా చదువు కోసం, పని కోసం దిగి వచ్చినవాళ్లం. అతను మాత్రం ఈ కాలవల మధ్యే పుట్టి పెరిగినవాడు. ఆదివారం సాయంత్రం గౌతమి వంతెన దగ్గర కలుస్తాం. మా మాటల్లో సగం సినిమాల గురించే.

ఆ మధ్య ఒక కామెడీ సినిమాకి వెళ్లాం. అందులో ఒకడు మాసిన బట్టలతో, చింపిరి జుట్టుతో వస్తాడు. పక్కవాడు వాణ్ని చూసి "ఏంట్రా యానాదోడిలా" అంటాడు. హాలంతా నవ్వింది. మేమూ నవ్వాం. నవ్వు సగంలో ఉండగా పక్క సీటు గుర్తొచ్చింది. అతను నవ్వలేదు. తెర వైపే చూస్తూ కూర్చున్నాడు.

బయటికొచ్చి టీ తాగుతూ ఫోన్లలో సమీక్షలు చూశాం. కామెడీ బాగా పండిందని ఒకరు, ఫస్ట్ హాఫ్ కడుపుబ్బ నవ్విస్తుందని ఇంకొకరు రాశారు. సెకండాఫ్ సాగదీశారని అందరూ రాశారు. ఆ ఒక్క మాట గురించి ఎవరూ రాయలేదు. మా స్నేహితుడు అవన్నీ విని ఒకటే అడిగాడు: "ఈ రాసేవోళ్లు హాల్లో ఎక్కడ కూర్చుంటారన్నా?"

ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి సమీక్షలు చదివే తీరు మారింది. సినిమా బాగుందో లేదో చెప్పే హక్కు ఎవరిది, ఏ కొలతతో చెప్పాలి అన్నది చిన్న విషయంగా కనిపించడం లేదు. అందుకే ఇది రాస్తున్నాం.

ముందు విమర్శకుల వైపు న్యాయంగా చూద్దాం. మార్కెట్ యార్డులో పనిచేసే మా వాడు ఒక మాట చెప్పాడు. యార్డుకి కర్పూరం గెల వస్తుంది, చక్రకేళి వస్తుంది, అమృతపాణి వస్తుంది, బొంత వస్తుంది. బొంత అరటిని చక్రకేళిలా తియ్యగా లేదని ఎవరూ తీసిపారేయరు. అది కూర అరటి. దాని లెక్క దానిదే. సినిమా కూడా అంతే. భయపెట్టే సినిమా భయపెట్టిందా, నవ్వించే సినిమా నవ్వించిందా, కోర్టు కథలో వాదన నిలబడిందా, ఫైట్ల సినిమాలో ఊపు ఉందా అని చూడటం తప్పు కాదు. ఏ రకానికి ఆ కొలత పెట్టడం విమర్శకుడి విద్య. ఆ విద్యను మేము గౌరవిస్తాం.

కానీ యార్డులోనే ఇంకో నియమం కూడా ఉంది. ఏ రకం గెలైనా కుళ్లితే కుళ్లినట్టే. చక్రకేళి కాబట్టి ఆ కుళ్లు పరవాలేదు అని ఎవరూ అనరు. ఈ రెండో చూపు మన సినిమా సమీక్షల్లో చాలాసార్లు కనబడదు. కొన్ని సినిమాలు తీసుకుని చూద్దాం.

2021 డిసెంబర్ 17న 'పుష్ప' వచ్చింది. మాస్ సినిమా. హీరో నటన గురించి, యాస గురించి, పాటల గురించి విమర్శకులు పేజీలు రాశారు. ఆ నటనకే అల్లు అర్జున్‌కి 2023లో ప్రకటించిన జాతీయ పురస్కారం వచ్చింది. తెలుగు నటుడికి ఉత్తమ నటుడి జాతీయ పురస్కారం రావడం అదే మొదటిసారి. మేమూ సంతోషించాం. కథలో అడవి శేషాచలం. తెర మీద కనిపించిన అడవిలో చాలా భాగం మా మారేడుమిల్లి అడవి. మా వెదురు పొదలు, మా వాగులు వేరే ఊరి పేరుతో కనిపిస్తుంటే ఈలలు వేశాం. అడవిని కెమెరా అందంగా పట్టిందని సమీక్షల్లో చదివి పొంగిపోయాం. తర్వాత ఒక టీచర్ అన్న గుర్తు చేశాడు. 2015 ఏప్రిల్ 7న అదే శేషాచలం అడవిలో ఎర్రచందనం కూలీలు 20 మంది పోలీసు కాల్పుల్లో చనిపోయారు. వారిలో తమిళనాడు జవ్వాది కొండల ఆదివాసులు ఉన్నారు. సినిమాలో కూలీ లేచి సిండికేట్‌కి యజమాని అవుతాడు. అడవిలో కూలీ లేవలేదు. ఈ తేడా చెప్పడం మాస్ సినిమా సమీక్షకు బరువవుతుందా? రెండు వాక్యాలు చాలు.

2022 మార్చి 25న 'ఆర్ఆర్ఆర్' వచ్చింది. పాటకు ఆస్కార్ వచ్చింది, ప్రపంచం చప్పట్లు కొట్టింది. గోండు వీరుడు కొమరం భీం పేరు దేశం దాటింది. అది చిన్న సంగతి కాదు. 1990లో అల్లాణి శ్రీధర్ తీసిన 'కొమరం భీం' సినిమా 2010 దాకా థియేటర్లకు రాలేదని తెలిసినవాళ్లకు ఆ పేరు విలువ తెలుసు. అయితే ఈ సినిమా చివర్లో భీం తనకు చదువు కావాలని రామరాజుని అడుగుతాడు. మైదానం నుంచి వచ్చినవాడు గురువు, అడవి నుంచి వచ్చినవాడు శిష్యుడు. భీం జీవితం చెప్పేవాళ్లు ఆయన ఊరు విడిచి తిరిగిన రోజుల్లోనే చదవడం నేర్చుకున్నాడని చెబుతారు. నిజాం అధికారులకు ఎదురు తిరిగి, జల్, జంగల్, జమీన్ మావి అని చెప్పి, 1940లో జోడేఘాట్‌లో ప్రాణం ఇచ్చిన మనిషి ఆయన. సినిమా కల్పన అని ముందే చెప్పారు, ఒప్పుకుంటాం. కల్పనే అయినా, ఎవరి చేతిలో పలక పెట్టాలి, ఎవరి చేతిలో బెత్తం పెట్టాలి అని ఎంచుకున్నది మనుషులే. ఆ ఎంపికను ప్రశ్నించినవాళ్లలో గోండు రచయితలు ఉన్నారు. మేము చదివిన తెలుగు సమీక్షలకు అది ముగింపులో ఒక మంచి ఎమోషన్ మాత్రమే.

2023 ఏప్రిల్‌లో 'విరూపాక్ష' వచ్చింది. భయపెట్టే సినిమా. చేతబడి చేశారని ఊరివాళ్లు ఒక జంటను చంపడంతో కథ మొదలవుతుంది. కథలో చేతబడి నిజంగానే పనిచేస్తుంది. విమర్శకులు స్క్రీన్‌ప్లేని, సంగీతాన్ని మెచ్చుకున్నారు. అవి మెచ్చుకోదగ్గవే. మాకు రాత్రి నిద్ర పట్టలేదు. కాని మా కారణం వేరు. మా ఏజెన్సీలో దాన్ని చిల్లంగి అంటాం. ఫలానా ముసలామె చిల్లంగి పెట్టింది అని ఊరు గుసగుసలాడితే ఆమెకి ఏమవుతుందో మాకు తెలుసు. అలాంటి చావుల వార్తలు ఇప్పటికీ పేపర్లో వస్తున్నాయి. హైదరాబాద్ మల్టీప్లెక్స్‌లో ఆ భయం టికెట్‌తో పాటు ముగుస్తుంది. మా ఊళ్లో ఇంటికి వస్తుంది. ఒకే సినిమా, ఒకే భయం, రెండు చోట్ల రెండు రకాల బరువు. విమర్శకుడు ఒక చోటే తూచాడు.

'ఇట్లు మారేడుమిల్లి ప్రజానీకం' 2022 నవంబర్ 25న వచ్చింది. అల్లరి నరేష్ ఎన్నికల డ్యూటీకి కొండ ఊరికి వచ్చే టీచర్. ఊరికి వంతెన, బడి, ఆసుపత్రి లేవని జనం ఓటు వెయ్యమంటారు. ఉద్దేశం మంచిదే, కథనం ముందే తెలిసిపోతుంది అని చాలామంది రాశారు. కొందరు 2017 నాటి హిందీ 'న్యూటన్'తో పోల్చారు. ఆ మాటల్లో నిజం ఉంది. కానీ 'ముందే తెలిసిపోతుంది' అన్న దగ్గర మేము ఆగిపోయాం. గర్భిణిని డోలీలో మోసుకెళ్తుంటే తర్వాత ఏమవుతుందో మాకూ ముందే తెలుసు. మా ఊళ్లో కథ ఎన్ని ఏళ్లుగానో మారలేదు. దర్శకుడి బలహీనత ఎక్కడ, మా బతుకు మారకపోవడం ఎక్కడ అని విడదీసి చెప్పగలిగితే అది గొప్ప విమర్శ అయ్యేది.

'జై భీమ్' తమిళంలో తీసి తెలుగులోకి వచ్చిన కోర్టు సినిమా, 2021 నవంబర్ 2న విడుదలైంది. పొలంలో ఎలుకలు పట్టే ఇరులర్ల కథ. మా యానాది స్నేహితుడు దాన్ని చెరువు గట్టున ఫోన్‌లో రెండుసార్లు చూశాడు. "మా నాన్నని చూసినట్టుంది" అన్నాడు. ఆ ఒక్క మాట ఎన్నో స్టార్ల కంటే ఎక్కువ. కానీ ఇక్కడ కూడా ఒక చిక్కు ఉంది. 1993లో జరిగిన అసలు కేసులో బాధితులు ఇరులర్లు కాదు, కురవలు. మన ఎరుకల వారికి దగ్గరి చుట్టాలు. నేరస్తుల తెగలని ముద్ర వేసిన చట్టం 1952లో పోయినా ఆ ముద్ర ఇంకా మోస్తున్నవాళ్లు. ఒకరి బాధకు ఇంకొకరి పేరు పెట్టారు. మంచి సినిమాని మెచ్చుకుంటూనే ఈ మాట కూడా చెప్పాలి.

ఇంతవరకు చదివి కొందరు అడుగుతారు. ప్రతి తెగ, ప్రతి కులం ఇలా అభ్యంతరం చెబితే ఇక సినిమా తీసేదెవరు? మంచి ప్రశ్న. మేము సినిమాలు ఆపమనడం లేదు. పోస్టర్లు చింపడం, హాళ్లు మూయించడం మా దారి కాదు. సినిమా విడుదలైన మూడు రోజుల దాకా సమీక్షలే రాకూడదని తమిళ నిర్మాతలు కోర్టుకు వెళ్తే, 2024 డిసెంబర్‌లో మద్రాస్ హైకోర్టు అలా ఆపడానికి ఒప్పుకోలేదు. మంచిపని. సినిమా నోరు మూయాలనేవాళ్లు, విమర్శకుడి నోరు మూయాలనేవాళ్లు చేసేది ఒకటే పని. మేము అడిగేది ఇంకో నోటికి చోటు.

ఇంకో ప్రశ్న మమ్మల్ని మేమే వేసుకోవాలి. ఆదివాసి చెప్పాడు కాబట్టి ఆ తీర్పు సరైనదైపోతుందా? కాదు. మారేడుమిల్లి పేరు టైటిల్లో చూడగానే సినిమాలో లోపాలు మాకు కనిపించలేదు. మనవాడి కథ కాబట్టి బాగుంది అనేది అభిమాని మాట, విమర్శ కాదు. అన్నిటికంటే ముఖ్యం, ఆ కామెడీ సినిమాలో నవ్వింది మేమే. చెట్ల ఆకులు కట్టుకుని అర్థం లేని కూతలు కూసే 'కోయదొర' వేషాలు చూసి చిన్నప్పుడు మేము సిగ్గుతో చచ్చిపోయాం. హాస్టల్లో పదో తరగతి పిల్ల ఆ కూతలతో వెక్కిరిస్తున్నారని తన భాష మాట్లాడటం మానేసిన సంగతి మాలో టీచర్లకు తెలుసు. అయినా తిట్టు మా తెగ మీద కాకుండా యానాదుల మీద పడేసరికి నవ్వొచ్చింది. బాధ తెలిసినవాడికి అందరి బాధా తెలుస్తుందనుకోవడం పొరపాటు. ఇక్కడి కోనసీమ మిత్రులు కూడా ఒక మాట అంటుంటారు. సినిమాల్లో వాళ్ల కొబ్బరి తోటలు పాటలకి, వాళ్ల యాస వెటకారానికి మాత్రమే పనికొస్తున్నాయని. అది విన్నప్పుడు మేము అవునని తలూపాం గాని, అంతకుముందు మేమూ ఆ యాసను అనుకరించి నవ్వినవాళ్లమే.

కాబట్టి విమర్శకు కావలసింది పుట్టుక కాదు, తల తిప్పి పక్క సీటు చూసే అలవాటు. అది చెన్నైలో పుట్టినవాడికి ఉండొచ్చు, చింతూరులో పుట్టినవాడికి లేకపోవచ్చు. కాని ఎప్పుడూ పక్క సీటులోనే కూర్చున్నవాడు కలం పట్టుకుంటే ఆ అలవాటు మిగతావాళ్లకూ త్వరగా వస్తుంది. 2023లో 'బలగం' వచ్చినప్పుడు తెలంగాణ పల్లెల్లో ఊరి నడుమ తెర కట్టుకుని జనం కలిసి చూశారు. చూసి తమ ఇళ్లలోని తగాదాల గురించి మాట్లాడుకున్నారు. అక్కడ ఊరే విమర్శకుడైంది. మన గూడేల్లో, హాస్టళ్లలో అది ఎందుకు జరగకూడదు?

టీచర్లకు ఒక మనవి. హాస్టల్ పిల్లలకు సినిమా వేసిన రోజు టీవీ కట్టేసి పడుకోమనకండి. పావుగంట కూర్చోబెట్టండి. ఏం బాగుంది, ఎందుకు బాగుంది అని మొదట అడగండి. పిల్లలకు సినిమా ఆనందం కావాలి, దాన్ని చెడగొట్టవద్దు. తర్వాత, ఎవర్ని చూసి నవ్వాం, ఆ మనిషి ఇక్కడ కూర్చుని ఉంటే నవ్వేవాళ్లమా అని అడగండి. కథలో మనలాంటివాళ్లు ఉంటే వాళ్లు ఏం చేశారు, లేక వాళ్లకు అన్నీ వేరేవాళ్లే చేసిపెట్టారా అని అడగండి. చివరగా, నీ పేరుతో ఐదు వాక్యాలు రాయమనండి. తప్పులు దిద్దవచ్చు, అభిప్రాయం దిద్దవద్దు.

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు కూడా ఒక మాట. రేటింగ్ చూసి సినిమాకి వెళ్లండి, తప్పు లేదు. చూసొచ్చాక మాత్రం ఆ రేటింగ్‌ని మీ అభిప్రాయంగా చెప్పకండి.

ఆ ఆదివారం మా స్నేహితుడికి మేము క్షమాపణ చెప్పలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఈ వ్యాసం రాసి మొదట అతనికే చదివి వినిపించాం. అంతా విని, "ఆ సినిమా పేరెందుకు రాయలేదు?" అన్నాడు. సినిమాదొక్కదానిదే తప్పు కాదు, నవ్విన మాదీ ఉంది అన్నాం.

"అయితే నవ్వినోళ్లు ఎవరో రాయండి" అన్నాడు.

అందుకే ఈ వ్యాసమంతా 'మేము' అని రాశాం.