తేలిక ఎవరికి?

తెలుగులో 'తేలిక' అన్న మాట మూడు రకాలుగా పనిచేస్తుంది. బరువు లేనిది తేలిక. కష్టం లేనిది తేలిక. విలువ ఇవ్వకపోతే దాన్ని 'తేలిగ్గా చూడటం' అంటాం. ఈ మూడు అర్థాలూ ఒక్కచోట కలిసేది వంటింట్లో. 'నూనె తగ్గించి, అజినమోటో లేకుండా, ఇంట్లోనే తేలిగ్గా చేసుకునే చికెన్ మంచూరియా' అన్న వాక్యాన్ని వంటల పేజీల్లో, టీవీ కార్యక్రమాల్లో మనం ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. ఇందులో కడుపుకి తేలికైంది ఎవరికి? చేతికి తేలికైంది ఎవరికి? తేలిగ్గా చూస్తున్నది ఎవరి పనిని? వీటి వెనక ఇంకో ప్రశ్న కూడా ఉంది. మనవాళ్ల ఆరోగ్యం కోసం వాళ్లకిష్టమైన తిండిని మార్చే హక్కు మనకి ఎక్కడి నుంచి వస్తుంది?

ముందు ఆ వంటకం సంగతి చూద్దాం. మంచూరియా అన్న పేరు చైనా ఈశాన్య ప్రాంతానిది. వంటకం మాత్రం బొంబాయిది. కలకత్తాలో పుట్టిన చైనా సంతతి వంటవాడు నెల్సన్ వాంగ్ 1975లో క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో దీన్ని మొదట చేశారని చెబుతారు. మన అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి తీసుకుని, గరం మసాలా మానేసి సోయా సాస్, మొక్కజొన్న పిండి చేర్చారట. అంటే దీనికి అమ్మమ్మ లేదు. ఆవకాయకీ ఉలవచారుకీ ఒక అమ్మమ్మ ఉంటుంది, ఆమె చేతి రుచితో పోల్చి మనల్ని తక్కువ చేసేవాళ్లు ఉంటారు. 'అమ్మ చేతి మంచూరియా' అని ఎవరూ కలవరించరు. ఇది పుట్టుకతోనే జీతానికి వండిన వంట, డబ్బిచ్చి కొనుక్కున్న వంట.

ఆ స్వేచ్ఛ ఎలాంటిదో నేనుండే అచ్యుతాపురంలో కనిపిస్తుంది. ఒకప్పుడు విశాఖ జిల్లాలోనూ, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలోనూ ఉన్న ఈ ఊరు సెజ్ వచ్చాక మారిపోయింది. చుట్టుపక్కల పల్లెల నుంచి వేలమంది ఆడవాళ్లు బస్సుల్లో వచ్చి ఇక్కడి దుస్తుల ఫ్యాక్టరీల్లో పనిచేస్తారు. షిఫ్టు దిగాక ఫాస్ట్‌ఫుడ్ బండి ముందు నలుగురైదుగురు అమ్మాయిలు ఒక ప్లేటు మంచూరియా చుట్టూ నిలబడి పుల్లలతో గుచ్చుకు తింటుంటారు. ఎవరికీ వడ్డించక్కర్లేదు. ఎవరి తర్వాతో తినక్కర్లేదు. గిన్నె కడగక్కర్లేదు. రోడ్డు మీద నిలబడి తినే ఆడదాన్ని వింతగా చూసిన రోజులు మరీ పాతవేం కావు. ఆ ప్లేటులో నూనె ఎక్కువే, ఉప్పూ ఎక్కువే. కానీ వేరొకరు వండిన వేడి తిండి కూర్చున్నచోటికి రావడమనేది మగవాళ్లకి పుట్టుకతో వచ్చిన హక్కు. ఈ అమ్మాయిలు దాన్ని జీతంలోంచి కొనుక్కుంటున్నారు. ఇంటికెళ్లాక మళ్లీ పొయ్యి ఉండనే ఉంది.

2024 కాల వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు దానిమీద రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతున్నారు, చేసే పురుషులు 88 నిమిషాలు. 2019లో ఈ అంకెలు 299, 97. అయిదేళ్లలో ఆడవాళ్లకి పది నిమిషాలు తగ్గాయి. వాళ్ల దగ్గర తగ్గింది మగవాళ్ల దగ్గర పెరిగి ఉంటుందనుకుంటాం, కానీ వాళ్లకీ తొమ్మిది నిమిషాలు తగ్గాయి.

ఇప్పుడు ఇంట్లో చేసే 'తేలిక' మంచూరియాకి వద్దాం. నేను వండే పద్ధతి ఇది. అరకిలో ఎముకలేని చికెన్‌ని చిన్న ముక్కలు కోసి, మిరియాల పొడి, అల్లం వెల్లుల్లి ముద్ద, గుడ్డు తెల్లసొన పట్టించి ఇరవై నిమిషాలు ఉంచుతాను. బండి మీద మైదా, మొక్కజొన్న పిండి కలిపిన జారులో ముంచి కాగే నూనెలో వేస్తారు. నేను రెండు చెంచాల మొక్కజొన్న పిండి మాత్రం అద్ది, ఇనప పెనం మీద రెండు చెంచాల నూనె వేసి, ముక్కలు ఒకదానికొకటి తగలకుండా పేర్చి, ఒక్కొక్కటీ తిప్పుతాను. పెనం మీద ఒకసారికి పన్నెండు ముక్కలకి మించి పట్టవు కాబట్టి మూడు వాయిలు. తర్వాత వెల్లుల్లి తరుగు, పచ్చిమిర్చి, ఉల్లికాడలు వేయించి, చెంచా సోయా సాస్, టమాటా గుజ్జు, కాస్త వెనిగర్ వేసి ముక్కలు కలుపుతాను. రంగు వెయ్యను. కోయడం నుంచి పెనం తోమడం దాకా గంటా ఇరవై నిమిషాలు. బండి మీద అతను పది నిమిషాల్లో ఇస్తాడు.

ఈ తేడా ఎందుకొచ్చింది? మూకుడు నిండా ఉన్న నూనె ముక్కని అన్ని వైపులా ఒకేసారి పట్టుకుని కాలుస్తుంది. నూనె తీసేస్తే ఆ పని ఎవరో ఒకరు చెయ్యాలి. ఆ ఎవరో ఒకరు నా చెయ్యి. నూనె తగ్గినచోట శ్రమ వచ్చి చేరింది. వంటకం తేలికపడటం అంటే బరువు మాయమవడం కాదు, ప్లేటులోంచి వంటమనిషి మీదికి మారడం. ఇంత సాదా విషయాన్ని ఏ వంట పేజీ రాయదు, ఎందుకంటే ఆ పేజీల్లో కేలరీలకి లెక్క ఉంటుంది, నిమిషాలకి ఉండదు.

మనం తీసేస్తున్నది నిజంగా తీసెయ్యాల్సిందేనా అన్నది మరో ప్రశ్న. అజినమోటో విషయమే చూడండి. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునె ఇకెడా సముద్రపు నాచుతో కాచిన రసంలో రుచికి మూలమైన గ్లుటమేట్‌ని గుర్తించాడు. అది టమాటాలోనూ ఉంటుంది. 1968లో రాబర్ట్ హో మన్ క్వాక్ అనే డాక్టరు, చైనా హోటళ్లలో తిన్నాక తనకి కలిగే ఇబ్బంది గురించి ఒక అమెరికన్ వైద్య పత్రికకి ఉత్తరం రాశాడు. కారణాలేమై ఉండొచ్చో అడుగుతూ చెప్పిన వాటిలో ఇదొకటి. దానికి 'చైనీస్ రెస్టారెంట్ సిండ్రోమ్' అన్న పేరు పడింది. తర్వాతి పరిశోధనలు మామూలు మోతాదుల్లో ఆ సంబంధాన్ని నిలకడగా చూపలేకపోయాయి. 2020లో మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువు కూడా ఆ మాట అర్థాన్ని సవరించింది. ఒక జాతి పేరుని జబ్బుకి పెట్టడానికి ఒక్క ఉత్తరం చాలింది, తీసెయ్యడానికి యాభై ఏళ్లు పట్టింది.

రక్తపోటు లెక్కలో చూస్తే ఇంకా విచిత్రం. అజినమోటోలో సోడియం సుమారు 12 శాతం, ఉప్పులో 39 శాతం. ఒక పెద్ద చెంచాడు సోయా సాస్‌లో దగ్గరదగ్గర 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి పెట్టిన హద్దు 2000 మిల్లీగ్రాములు. అజినమోటో మానేసి సోయా సాస్ రెండు చెంచాలు పోస్తే మనకి తృప్తి కలుగుతుంది తప్ప రక్తపోటు తగ్గదు. మళ్లీ మళ్లీ కాచిన నూనె మాత్రం నిజమైన భయమే. 2018 జూలై 1 నుంచి ఆహార భద్రతా సంస్థ నియమం ప్రకారం మొత్తం పోలార్ సమ్మేళనాలు 25 శాతం దాటిన నూనె వాడకూడదు. ఆ నియమాన్ని అమలు చెయ్యాల్సింది తనిఖీ వ్యవస్థ. అది చెయ్యకపోతే ఆ బాధ్యత మెల్లగా ఇంటి కోడలి పెనం మీదికి జారుతుంది.

ఈ ఊళ్లో ఆరోగ్యం అన్న మాట పలకడానికి కొంచెం సిగ్గు కూడా ఉండాలి. 2022 జూన్‌లోనూ, మళ్లీ ఆగస్టులోనూ ఇక్కడి సెజ్‌లో విషవాయువు పీల్చి వందలమంది మహిళా కార్మికులు ఆసుపత్రుల పాలయ్యారు. 2024 ఆగస్టు 21న మందుల కంపెనీలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. గాలి మీద మనకి అధికారం లేదు, మూకుడు మీద ఉంది. అందుకే జాగ్రత్తలన్నీ మూకుడు చుట్టూ చేరతాయి.

'ఇంటి తిండి', 'బయటి తిండి' అన్న విభజనలో ఇంకోటి కూడా దాక్కుని ఉంది. శుభ్రం వేరు, శుచి వేరు. శుభ్రం కడిగితే వస్తుంది. శుచి పుట్టుకతో వస్తుందని చెప్పారు. 'బయట ఎవరు వండారో ఏమో' అన్న వాక్యంలో ఈ రెండూ కలగాపులగం. నూనె గురించి అడిగితే అది శుభ్రం ప్రశ్న, మనిషి గురించి అడిగితే అది కులం ప్రశ్న. ఆరోగ్యం పేరుతో మనం ఏది అడుగుతున్నామో ప్రతిసారీ తేల్చుకోవాలి. వంటిల్లే ఆడవాళ్ల లోకంగా కుదించుకుపోవడాన్ని విమల 'వంటిల్లు' కవిత ప్రశ్నించి దశాబ్దాలు దాటింది. ఇప్పుడు అదే వంటిల్లు ఆరోగ్యం అన్న కొత్త పేరుతో మనల్ని పిలుస్తోంది.

ఇదంతా నాకు పుస్తకాల్లోంచి వచ్చిన చర్చ కాదు. మా అత్తగారికి డెబ్బై దాటాయి. జీవితమంతా అందరికీ పెట్టి, అడుగూ బొడుగూ మిగిలింది తిన్న మనిషి. అరవై ఏళ్లు దాటాక మనవరాలు తెచ్చిన పొట్లంలో మంచూరియా రుచి చూసి ఇష్టపడ్డారు. కొబ్బరితోట కౌలు డబ్బుల్లోంచి తీసి, ఆదివారం పూట తనే తెప్పించుకునేవారు. తన డబ్బుతో, తన కోసం, తను కోరి తెప్పించుకున్న తిండి ఆమెకి అదొక్కటే. ఆమధ్య రక్తపోటు బాగా పెరిగింది. డాక్టరుగారు ఆవిడ వైపు చూడలేదు, పక్కనే ఉన్న కొడుకు వైపూ చూడలేదు. నా వైపు తిరిగి "బయటి తిండి మాన్పించండి" అన్నారు. 'మానండి' కాదు, 'మాన్పించండి'. ఆ ఒక్క ప్రేరణార్థకంలో ముగ్గురి స్థానాలూ ఖరారైపోయాయి. తినే మనిషి కర్మ, నేను కర్త, కొడుకు వాక్యంలోనే లేడు.

నేను చేసిన తేలిక మంచూరియా తిని అత్తయ్య అన్నమాట ఇది: "ఇదేటమ్మా, పత్తెం కూరనాగుంది. మంచూరియా అని సెప్పకు, కోడికూర అని సెప్పు, తింతాను." ఆవిడ వంటని తప్పుపట్టలేదు, పేరుని తప్పుపట్టారు. నైతికంగా అసలు సంగతి అక్కడుందని నాకనిపించింది. తగ్గించి పెట్టడం తప్పు కాదు. తగ్గించి, అదే ఇది అని నమ్మించబోవడం ఎదుటిమనిషిని పసిపిల్లని చెయ్యడం.

సంరక్షణ నీతి గురించి రాసిన జోన్ ట్రోంటో సంరక్షణని నాలుగు దశలుగా చెబుతుంది. అవసరాన్ని గమనించడం, బాధ్యత తీసుకోవడం, స్వయంగా చెయ్యడం, చివరగా దాన్ని అందుకున్నవాళ్లు ఏమంటున్నారో వినడం. నాలుగోది లేకపోతే సంరక్షణ పూర్తవదు. మన ఇళ్లలో మొదటి మూడూ ఆడవాళ్ల మెడకి చుట్టి, నాలుగోదాన్ని వదిలేస్తారు. దానివల్ల పెట్టేవాళ్లు అలిసిపోతారు, తినేవాళ్లు నోరు మూసుకుంటారు.

అయితే అత్తయ్య ఇష్టం ఆవిడదే అని ఊరుకోగలనా? రేపు పక్షవాతం వస్తే మంచం పక్కన ఉండేది నేనే. కాబట్టి ఆవిడ తిండిలో నాకూ ఒక మాట ఉంది. ఇది ప్రేమ లేకపోవడం కాదు, ప్రేమతోబాటు వచ్చే లెక్క. ఒక స్త్రీ స్వేచ్ఛకి ఇంకో స్త్రీ శ్రమ ధరగా పెట్టినప్పుడు ఇద్దరిలో ఎవరిది న్యాయమని తూచడం కంటే, తక్కెడ ఎవరు పట్టుకున్నారో చూడటం మంచిది. అత్తాకోడళ్ల మధ్య పోటీగా కనిపించే ఈ చిక్కులో మూడో మనిషి హాయిగా కనుమరుగై ఉన్నాడు.

అందుకని మేం ముగ్గురం కూర్చున్నాం. ఏ వస్తువులో ఎంత ఉప్పుందో ఆవిడకే చెప్పాను. మంచూరియా కంటే ఎక్కువ ఉప్పు రోజూ తినే ఆవకాయలో, ఎండుచేపలో వస్తోందని లెక్కలో తేలింది. కాసేపు ఆలోచించి అత్తయ్య అన్నారు: "పదేను రోజులకోపాలి బండిమీద్ది తెప్పించండి. మిగతా రోజులు ఆవకాయ నానే మానేత్తాను." 'మాన్పించడం' పోయి 'మానెయ్యడం' వచ్చింది. డాక్టరుగారి దగ్గరికి ఈసారి కొడుకు తీసుకెళ్లాడు. మధ్య ఆదివారాల్లో పెనం ముందు నిలబడి మూడు వాయిలు తిప్పేది కూడా అతనే. దాన్ని మా ఇంట్లో కోడివేపుడు అంటాం, మంచూరియా అనం.

ఇది ఒక ఇంటి సర్దుబాటు, పరిష్కారం కాదు. ఇంట్లో అడిగే మనిషి ఉంది కాబట్టి, వినే తీరిక దొరికింది కాబట్టి కుదిరింది. బస్సు దిగి ఎనిమిదింటికి ఇల్లు చేరే అమ్మాయికి గంటా ఇరవై నిమిషాల తేలిక వంట నేర్పడం క్రూరత్వం. ఆమెకి కావాల్సింది శుభ్రమైన నూనెతో వండే బండి, పీల్చడానికి మంచి గాలి, వంట తెలిసిన మగవాడు. వంటల పుస్తకాలు రాసే మిత్రులని నేను అడిగేది ఒక్కటే. కేలరీల పక్కన నిమిషాలు కూడా వెయ్యండి, ఆ నిమిషాలు ఎవరివో రాయండి. అప్పుడు ఏది తేలికో చదివేవాళ్లే తేల్చుకుంటారు.