కడబంతిలోనూ కూర్చోనివాడు

మా సంఘంలో క్రిస్మస్ నాటి ప్రేమవిందుకు ఇరవై ఏళ్ళుగా సాంబారు బకెట్ నాదే. ఆరాధన ముగిసి, గుడి ఆవరణలో పట్టాలు పరిచేసరికి నేను ప్యాంటు మడిచి, భుజాన తువ్వాలు వేసుకుని సిద్ధంగా ఉంటాను. బంతి తర్వాత బంతి లేస్తుంది. అందరూ లేచాక వంటవాళ్ళ పక్కన నిలబడి, గిన్నె అడుగున మిగిలిందేదో రెండు ముద్దలు తిని ఇంటికి పోతాను. "అన్న కూర్చోడు, ఎంత చెప్పినా వినడు" అని కుర్రాళ్ళు అనుకోవడం చెవిన పడుతుంది. విననట్టే ఉంటాను. ఆ మాట కోసమే అంతసేపూ నిలబడ్డానేమోనన్న అనుమానం ఈ మధ్యనే మొదలైంది.

బకెట్ పట్టుకున్నవాడికి ఒక ఎత్తు దొరుకుతుంది. కింద కూర్చున్నవాళ్ళ విస్తళ్ళన్నీ కనిపిస్తాయి. ముక్కల కోసం రెండోసారి పిలిచిందెవరో, ఒళ్ళో కవరు దాచుకున్నదెవరో, ఏడాదంతా గుడి మొహం చూడకుండా ఇవాళ పిల్లాజెల్లాతో దిగిందెవరో నాకు తెలుసు. ఎవరితోనూ అనలేదు. అననందుకు కూడా లోపల నాకు నేనే కొన్ని మార్కులు వేసుకున్నాను.

రెండేళ్ళ కిందట డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు ఇరవై రెండు వేలకు పడిపోయాయి. ఆస్పత్రిలో ఆరు రోజులు, ఇంట్లో మంచం మీద ఇంకో పదిహేను రోజులు. నా భార్య నన్ను కనిపెట్టుకుని ఉండడంతో ఇంట్లో పొయ్యి వెలగలేదు. సంఘంవాళ్ళు వంతులు వేసుకుని పూటపూటకీ క్యారేజీ పంపారు. నేను ఎవరి విస్తళ్ళను పైనుంచి చూశానో వాళ్ళే. కవరు దాచుకున్నవాళ్ళ ఇంటినుంచీ వచ్చింది.

సంతోషించాల్సింది. నేను చేసిన పని ఏమిటంటే, దిండు కింద ఒక నోటుబుక్కు పెట్టుకుని, ఏ రోజు ఏ పూట ఎవరి ఇంటినుంచి ఏం వచ్చిందో రాసుకోవడం. అన్నం, పొట్లకాయ కూర, మజ్జిగ, పక్కన పేరు. మంచం దిగిన నెలలోపే అన్ని బాకీలూ తీర్చాను. ఒకరికి పళ్ళు, ఒకరికి మిఠాయి, ఒకరి పిల్లాడికి చొక్కా. కృతజ్ఞత అనుకున్నాను. పింఛను మీద బతికే ఒక ముసలమ్మ మూడు పూటలు చారన్నం పంపింది. ఆమె క్యారేజీ కడిగి, అందులో ఐదువందల నోటు పెట్టి పంపాను. మర్నాడు పొద్దున్నే ఆమే నడుచుకుంటూ వచ్చింది. నోటు నా మంచం మీద పెట్టి, "చారన్నానికి డబ్బులు పంపావా నాయనా? నేనేమన్నా హోటలు పెట్టుకున్నానా?" అంది. కోపంగా అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగింది.

నాకూ అప్పుడు అర్థంకాలేదు. పైగా చిరాకు వేసింది. ఆ ఒక్క పద్దూ కొట్టివేయకుండా మిగిలిపోయిందని.

ఆ తర్వాతి ఆదివారం సాక్ష్యం చెప్పాను. మరణపు అంచుదాకా వెళ్ళిన నన్ను దేవుడు లేపాడని చెప్పాను. ప్లేట్‌లెట్ల లెక్క చెప్పాను. జనం స్తోత్రం అన్నారు. ఒక్క క్యారేజీ సంగతి కూడా ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదని ఈమధ్య నన్ను నేను అడుగుతున్నాను. దేవుడికి రుణపడి ఉన్నానని చెప్పడం తేలిక. ఆయన ఎదురింటి అరుగు మీద కూర్చుని ఉండడు, బజారులో ఎదురుపడి "ఒంట్లో ఎలా ఉంది?" అని అడగడు. ముసలమ్మ అడుగుతుంది. దేవుడు పోషిస్తాడని ఎన్నిసార్లు ప్రసంగంలో విన్నానో, ఆ పోషణ స్టీలు క్యారేజీలో, ఆమె చేతిమీదుగా వస్తుందని మాత్రం ఒప్పుకోలేకపోయాను. ఆకాశం నుంచి నేరుగా పడితే తీసుకునేవాణ్ణే.

మాది ఒంగోలు వైపు. మా వైపు క్రైస్తవుల ఇళ్ళలో 1876-78 నాటి కరువు ముచ్చట పాతబడదు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి దొరికేలా చేశాడు. కాలువ గట్టు మీద పలుగూ పారా పట్టినవాళ్ళలో చాలామంది బాప్తిస్మం అడిగారు. ఇవ్వలేదు. కూటికోసం అడుగుతున్నారేమోనని ఏడాదికి పైగా ఆపాడు. కరువు తగ్గి, సాయం ఆగిపోయాక కూడా వాళ్ళు వచ్చి అడిగారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలోకి దిగి ఇచ్చారు. మా ముత్తవ్వ తల్లి ఆ గుంపులో ఉందని ఇంట్లో చెప్పుకుంటారు. రాతపూర్వకంగా ఏమీ లేదు, చెప్పుకోవడమే.

"మీవాళ్ళు గంజి కోసం మతంలో కలిసినవాళ్ళేగా" అని చిన్నప్పుడు బడిలో ఒకడు అన్నాడు. ఆ మాట ముల్లులా ఉండిపోయింది. పెద్దయ్యాక ఈ చరిత్ర చదివి, దాన్ని జవాబుగా వాడుకున్నాను. చూశారా, గంజి ఆగిపోయాకే కలిశారు, మావాళ్ళ మనసు శుద్ధమైనది అని ఎందరితోనో వాదించాను. క్లౌ జాగ్రత్తను ఇప్పుడూ తప్పు పట్టను. ఆయన స్థానంలో ఉంటే నేనూ ఆగేవాణ్ణేమో. కానీ నా వాదనలో నాకిప్పుడు ఏదో కనిపిస్తోంది. గంజి కోసమే వచ్చి ఉంటే మాత్రం ఏమైంది? లూకా సువార్తలో ఇల్లు వదిలిపోయిన చిన్నకొడుకు దేనికోసం తిరిగొచ్చాడు? తండ్రి మీద బెంగతో అని అక్కడ లేదు. పందుల మేత దగ్గర కడుపు మాడుతుంటే, నాన్న దగ్గర కూలివాళ్ళకు తిండి మిగులుతుంది కదా అని లెక్క వేసుకుని లేచాడు. దారిలో చెప్పాల్సిన మాటలు కూడా కూర్చుకున్నాడు. తండ్రి ఎందుకొచ్చావని అడగలేదు. ఆ మాటలు పూర్తిగా వినను కూడా లేదు.

ఏం జరుగుతోందని ఆరా తీసింది పెద్దకొడుకు. పొలం నుంచి వచ్చి, పాటలు వినపడుతుంటే గుమ్మం బయటే నిలబడిపోయినవాడు. తండ్రి బయటికొచ్చి బతిమాలాడు. అతను తన చాకిరీ లెక్క చెప్పాడు, ఇన్నేళ్ళుగా నీకు పనిచేస్తున్నానని. లోపలికి వెళ్ళాడో లేదో లూకా రాయలేదు. ఆ ఉపమానం నేను సండే స్కూలులో ఎన్నోసార్లు చెప్పాను. ప్రతిసారీ చిన్నకొడుకు గురించే చెప్పాను. బకెట్ చేత పట్టుకుని గుమ్మంలో నిలబడ్డవాడికి తన బొమ్మ ఎలా కనిపిస్తుంది?

అదే సువార్తలో ఇంకో విందు ఉంది. పిలిచినవాళ్ళు సాకులు చెప్పే విందు. ఒకడు పొలం కొన్నాడు, ఒకడు ఐదు జతల ఎద్దులు కొన్నాడు, ఒకడికి కొత్తగా పెళ్ళయింది. ఇవి పాపాలేం కావు, మా ఊళ్ళో అయితే మెచ్చుకోదగ్గ కారణాలే. నా సాకు ఇంకా మర్యాదైనది. నేను రానని ఎప్పుడూ అనలేదు. అందరికన్నా ముందే వచ్చాను. వచ్చి, కూర్చోవడం ఒక్కటీ తప్పించుకున్నాను. కాళ్ళు కడగడానికి యేసు వంగితే పేతురు వద్దన్నాడు కదా, దాన్ని చాలాకాలం వినయమనే అనుకున్నాను. ఇప్పుడు చూస్తే, తన మురికి కాళ్ళు ఇంకొకరి చేతుల్లో పెట్టడం కన్నా గురువుగారి కాళ్ళే తాను కడగడం అతనికి తేలికగా ఉండేదేమో అనిపిస్తుంది. పేతురు మీద నా గుణాన్ని రుద్దుతున్నానేమో కూడా.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని సామెత. వడ్డించేవాడు తిన్నాడా లేదా అన్నదాని మీద సామెత ఏదీ గుర్తు రావడం లేదు. ఎవరూ చూడరు కాబట్టే కాబోలు. అందులోనే నాకు అసలు సౌకర్యం దొరికింది. ఇంతవరకు ఎవరికీ చెప్పనిది ఇక్కడ చెబుతున్నాను.

ప్రతి నెలా మొదటి ఆదివారం మాకు ప్రభువు బల్ల. నేను పరిచారకుణ్ణి. రొట్టె ముక్కల పళ్ళెం, చిన్న గ్లాసుల ట్రే వరుస వరుసకీ తీసుకెళతాను. చివర్లో పాస్టరుగారు పరిచారకులకు ఇస్తారు. ఆ సమయానికి నేను ఖాళీ ట్రే పట్టుకుని వెనక గదిలో ఉంటాను. మూడేళ్ళుగా బల్లలో చేయి వేయలేదు. ఒక్కరికీ తెలియదు. పళ్ళెం మోసేవాడు తినడం లేదని ఎవరికి అనుమానం వస్తుంది?

కారణం తమ్ముడు. నాన్న పోయాక ఊళ్ళో ఇంటి భాగాల దగ్గర మాట పెరిగింది. నేనే ఎక్కువ అన్నాను. అమ్మ ముందు వాడి భార్యను అనకూడని మాట అన్నాను. అర్పణ తెచ్చేముందు సహోదరుడితో సమాధానపడమన్న యేసు మాట తెలుసు కనుక, అయోగ్యంగా తీసుకోకూడదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. బల్ల మీద ఎంత గౌరవమో నాకు అనుకున్నాను. నిజానికి ఆ మాట నన్ను బల్లకు దూరంగా ఉండమనలేదు, తమ్ముడి దగ్గరికి వెళ్ళమంది. నేను సగం ఆజ్ఞ పాటించి మిగతా సగం వదిలేశాను. బల్ల దగ్గర కూర్చుంటే వాడికి ఫోను చేయాల్సి వస్తుంది. ట్రే పట్టుకుని నిలబడితే చేయనక్కర్లేదు. అంతే. భక్తి పేరుతో మూడేళ్ళు నడిచింది ఇదీ.

బల్లకు పిలిచేవాడు ఇది ఎరగడా? ఎరిగీ పళ్ళెం నా చేతికే ఇస్తున్నాడంటే కోపం లేదనుకోవాలా, ఓపిక పడుతున్నాడనుకోవాలా? ప్రతి నెలా రొట్టె నా వేళ్ళకు రెండంగుళాల దూరంలోనే ఉంటుంది. అంత దగ్గరగా పెట్టి పిలవడం తలచుకునే నాకు ఈమధ్య నిద్ర పట్టడం లేదు. నోటు తిరిగిచ్చిన రోజు ముసలమ్మ మొహం, ఈ పిలుపూ కలిసిపోతున్నాయి. ఆమెకు కావలసింది నా డబ్బు కాదు, నేను తిన్నానా లేదా అన్నదే.

మొన్నటి క్రిస్మస్‌కు బకెట్ వేరే కుర్రాడికి ఇచ్చి రెండో బంతిలో కూర్చున్నాను. అలవాటు లేక మోకాళ్ళు నొప్పెట్టాయి. ఆ ముసలమ్మ నాకు రెండు విస్తళ్ళ అవతల కూర్చుని, ఒళ్ళో కవరు పెట్టుకుంది. ఇంటి దగ్గర మంచంలో ఉన్న కూతురి కోసమని ఆ రోజే తెలిసింది. ఇరవై ఏళ్ళు పైనుంచి చూశాను, అడగలేదు.

ఎల్లుండి మొదటి ఆదివారం. తమ్ముడి నంబరు ఫోనులోనే ఉంది. ఇంకా చేయలేదు.