తుడిచినను తిరిగి వచ్చునది



మన పల్నాటి మిరపచేలలో తుంగ సంగతి మీరెరుగుదురు. పైగడ్డి కోసిన కొద్ది దినములకే మరల మొలచును. దాని గడ్డలు నేల లోపల నుండును గనుక.

సంఘములోని ఒక తగవు కాగితములను నేను ఫోటోలు తీసి, క్లౌడులో ఒక ఫోల్డరుగా దాచితిని. సమాధానమైన తరువాత దానిని ఫోనులో తొలగించితిని. మరల వచ్చెను. మూడు మారులు తీసివేసితిని. మూడు మారులును వచ్చెను.

యౌవనస్థుడొకడు చూచి చెప్పెను: "అయ్యగారూ, మీ పాత కంప్యూటర్లో ఇంకో కాపీ ఉందండీ. సింకు చెడిపోయి, మీరు తీసేసిన సంగతి దానికి తెలియలేదు. తెరిచినప్పుడల్లా మళ్ళీ పైకి పంపుతోంది. ముందు అక్కడ సింకు ఆపి, ఆ కాపీ తీసెయ్యండి. తర్వాత క్లౌడులో తీసేసి, చెత్తబుట్ట కూడా ఖాళీ చెయ్యండి." గూగుల్ డ్రైవ్ వంటి వాటిలో తొలగించినది 30 దినములు చెత్తబుట్టలోనే యుండును.

నేను సిగ్గుపడితిని. ఆ ప్రతిని మరచితినని చెప్పలేను. ఆ సహోదరుడు మరల ఎదురు తిరిగిన యెడల చూపుటకే ఉంచుకొంటిని. చేయి కలిపితిని గాని గడ్డను త్రవ్వలేదు.

అయితే ప్రతి వ్రాతయు తుడువదగినదేనా? కాదు. కూలివానికి రావలసిన లెక్కను, దిక్కులేనివారికి జరిగిన అన్యాయపు సాక్ష్యమును ఉంచవలెను. అవి బలహీనుని కాపాడును. నేను దాచినది ఎవరిని కాపాడుటకు? ఎవరిని కాదు, గెలుచుటకే.

ఎన్ని మారులు క్షమింపవలెనని పేతురు అడిగెను. ప్రతి దాచుకొని క్షమించువాడు ఇంకను లెక్క పెట్టుచునే యున్నాడు.

ఆ సాయంకాలము అన్ని చోట్లను తీసివేసితిని. ఫోల్డరు మరల రాలేదు. హృదయములోని ప్రతిని మాత్రము దినదినము వెదకుచున్నాను. మీరును వెదకుడి.